పద్నాలుగో షీటులో పచ్చరంగు

పార్కు గేటుకు అతికించిన నోటీసు మా పేటలో అందరికంటే ముందు చదివింది నేనే. జిగురు ఇంకా తడిగానే ఉంది. లాగితే ఊడి వచ్చేది. లాగకుండా ఇంటికి వచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. అందులో రాసింది ఇది: "ఈ ఖాళీ స్థలమునందు ఆరు అంతస్తుల వాహనాల పార్కింగు భవనం నిర్మించదలచినందున, అభ్యంతరాలు గలవారు ముప్పై రోజులలోగా తెలుపవలెను."

ఖాళీ స్థలమట. నేను అది చదువుతున్న నిమిషంలోనే గేటు పక్క బెంచీ మీద ఇద్దరు రిటైరైన టీచర్లు చదరంగం ఆడుతూ, వేసిన ఎత్తు నువ్వు వెనక్కి తీసుకున్నావంటే నువ్వు తీసుకున్నావని పోట్లాడుకుంటున్నారు. యాభైకి దగ్గరపడిన ఒకావిడ సైకిలు నేర్చుకుంటోంది, వెనక సీటు పట్టుకుని ఆవిడ కూతురు పరుగెడుతోంది. చెట్ల కింద కాలేజీ పిల్లలు నాటకం సాధన చేస్తున్నారు, వాళ్లలో ఒకడు అప్పటికి నాలుగోసారి చచ్చిపోతున్నాడు. నోటీసు రాసినవాడు కళ్లు ఇంట్లో పెట్టి వచ్చాడా అనుకున్నాను. తర్వాత తెలిసింది, రాసినవాడు అసలు రానేలేదని.

ఆ నోటీసు వచ్చిన ఆఫీసులోనే మా మేనత్త ముప్పై మూడేళ్లు పనిచేసింది. టౌన్ ప్లానింగ్ ఆఫీసులో ట్రేసరు. ట్రేసరంటే మ్యాపులు గీసి రంగులు వేసే ఉద్యోగం. ఊరు మొత్తాన్ని నలభై ఆరు షీట్లుగా విడదీసి, ఏ ముక్క దేనికో రంగుతో చెప్పాలి. ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, బడులకూ ఆసుపత్రులకూ ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. ఇంజనీర్లు పెన్సిలుతో గీసి పడేసిన గీతల్లో ఊరు కనపడేలా చేసేది ఆవిడ కుంచె. అందుకని ఆఫీసులో అందరూ కుంచెమ్మ అనేవాళ్లు. ఆవిడ నోటికి మాత్రం ఆ మెత్తదనం లేదు. కొత్తగా చేరిన ట్రేసరు ఎవరైనా రంగు గీత దాటిస్తే, "గోడకు సున్నం కొడుతున్నావా నాయనా? అది మనుషులుండే ఊరు" అనేది. ఎదురుగా అధికారి నిలబడి ఉన్నా ఆ గొంతు తగ్గేది కాదు.

నాది ఆ ఆఫీసుకు ఎదురుగా జిరాక్సు కొట్టు. మ్యాపులంత పెద్ద కాగితాలు పట్టే మెషీను ఈ చుట్టుపక్కల నా దగ్గరే ఉంది కాబట్టి ఆఫీసు కాగితాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ వ్యవహారంలో నా చేయి కూడా ఉంది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు.

అత్తయ్యకు ఒక్కతే కూతురు. నాకంటే రెండేళ్లు పెద్ద, వరసకు వదిన. రెండో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. తొమ్మిదేళ్లు వచ్చేదాకా వదినకు మాట లేదు. మాట అంటే నోటిమాట ఒక్కటే కాదు, ఏ రకం మాటా లేదు. కావలసింది వేలితో చూపించడం, అర్థం కాకపోతే ఏడవడం, అంతే. అత్తయ్య అద్దం ముందు కూర్చోబెట్టి పెదాలు కదిపి నేర్పాలని చూసింది. పిల్ల అద్దంలో అమ్మ పళ్లు చూసి నవ్వేది.

ఆ పార్కు మధ్యలో ఒకప్పుడు నీళ్ల ట్యాంకు ఉండేదట. దాన్ని పడగొట్టి, మట్టి పోసి, గడ్డి వేశారు. అందుకే ఆ గడ్డి గుండ్రంగా, పళ్లెంలా కొంచెం లోతుగా ఉంటుంది. చుట్టూ కూర్చోవడానికి వీలుగా రాతి అంచు, నాలుగు దీపస్తంభాలు. ఊళ్లో చెవులు వినపడనివాళ్లందరూ ఆదివారం సాయంత్రం అక్కడ చేరతారు. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడున్నవాళ్లకు తెలియదు. వాళ్లు గుండ్రంగా కూర్చునేది ముచ్చటకు కాదు. చేతులతో మాట్లాడేవాళ్లకు ఎదుటివాడి చేయి కనపడకపోతే మాట పోయినట్టే. టీ కొట్టులో బల్లలు వరసగా ఉంటాయి, ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడదు. నలభై మంది చుట్టూ తిరిగి కూర్చునేంత గది మన ఇళ్లలో ఎవరికుంది? ఊరు మొత్తం మీద నలభై మంది ఒకేసారి ఒకరి మాట ఒకరు వినగలిగే చోటు ఆ పళ్లెం ఒక్కటే.

వదిన తొమ్మిదో ఏట ఒక ఆదివారం అత్తయ్య ఆ దారినే పిల్లను తీసుకుని వస్తూ ఆ గుంపును చూసింది. పిల్ల చేయి విడిపించుకుని పోయి గడ్డి అంచున నిలబడింది. అందరిలోకీ పెద్దాయన, దర్జీ పని చేసే తాత, లేచి వచ్చి పిల్లను ఏదో అడిగాడు. నీ పేరేంటని అడిగాడట. పిల్లకు ఆ ప్రశ్నే తెలియదు.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. కొత్తవాళ్లకు చేతిపేరు పెడతారు. వదినకు నుదుటి మీద చిన్న మచ్చ ఉంది. దర్జీ తాత రెండు వేళ్లతో తన నుదురు రెండుసార్లు తట్టి, పిల్లను చూపించాడు. పక్కాయన అదే చేశాడు. ఆయన పక్కావిడ కూడా. అలా ఆ పేరు గుండ్రం చుట్టూ తిరిగి తిరిగి చివరికి పిల్ల దగ్గరికే వచ్చింది. పిల్ల తన నుదురు తట్టుకుంది. తట్టుకుని, మళ్లీ తట్టుకుని, ఇంటికి వెళ్లేదాకా తట్టుకుంటూనే ఉంది. తన పేరు తాను పలకడం పిల్లకు అదే మొదటిసారి.

ఆ తర్వాత వదినకు చదువూ, ప్రెస్సులో బైండింగు పనీ, పోట్లాటలూ, పెళ్లీ అన్నీ ఆ గుండ్రంలోంచే వచ్చాయి. అత్తయ్య కూడా చేతిమాట అక్కడే నేర్చుకుంది. ఆవిడ చేతిపేరు అరచేతి మీద కుంచె గీసినట్టు ఒక వేలి గీత. నాకు పెట్టింది అరచేతి మీద అరచేయి మూత వేయడం, జిరాక్సు మెషీను మూత అన్నమాట. ఇంకొంచెం మంచి పేరు పెట్టమని ఎన్నిసార్లు బతిమాలానో. "నీ మొహానికి అదే ఎక్కువ" అంటుంది వదిన.

పిల్లకు పేరు పెట్టిన ఆ వారంలోనే పద్నాలుగో షీటు రంగుకు వచ్చింది. మా పేట, ఆ పార్కు ఉన్నది అందులోనే. పార్కంటే ఒక పూత ఆకుపచ్చ వేసి వదిలేస్తే చాలు. అత్తయ్య సన్న కుంచెతో అరవై మూడు చెట్లు వేసింది. లెక్కకు అరవై మూడు, ఎందుకంటే పార్కులో అన్నే ఉన్నాయి, పోయి లెక్కపెట్టి వచ్చింది. మధ్యలో గుండ్రటి గడ్డి, లేత పచ్చ. "జీతం చెట్టుకింత అని ఇస్తారనుకున్నావా కుంచెమ్మా?" అని పక్కబల్లవాళ్లు ఏడిపించారట. ఆ షీటు చూడటానికి వేరే ఆఫీసులవాళ్లు కూడా వచ్చేవాళ్లు.

ఇదంతా తెలిసిన మనిషికి, రిటైరైన మూడేళ్లకు, ఆ చోటు ఖాళీ అని నోటీసు కనపడితే ఎలా ఉంటుంది? చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే ఆఫీసుకు బయలుదేరింది. నేను కొట్టుకు తాళం వేసి వెనకే పరుగెత్తాను.

ప్లానింగ్ అధికారి గది మూడో అంతస్తులో. బల్ల మీద ప్లాస్టిక్ మొక్క, కిటికీకి దింపిన తెర. మనిషి మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు. అదే నాకు ఇంకా ఒళ్లు మండించింది. కోపంగా మాట్లాడేవాడితో పోట్లాడొచ్చు, మెత్తగా మాట్లాడేవాడితో ఏం చేస్తాం?

"కంప్యూటర్లో ఖాళీ అని ఉందమ్మా," అన్నాడు.

"ఆ తెర తీయండి సార్. పార్కు ఇక్కడికే కనపడుతుంది," అంది అత్తయ్య.

"తీస్తే ఎండ వస్తుందమ్మా, ఏసీ పని చెయ్యదు." నవ్వులాటకు కాదు, నిజంగానే అన్నాడు. తర్వాత కొంచెం ముందుకు వంగి, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "చెట్లు లేవని నేననడం లేదు. కానీ ప్లానింగులో ప్రతి చోటుకూ ఒక వాడకం ఉండాలి. ఇంట్లో మనుషులుంటారు, కొట్టులో వ్యాపారం జరుగుతుంది. పార్కుకు జనం వస్తారు, కూర్చుంటారు, పోతారు. దాన్ని నేను ఏ గడిలో రాయాలి?"

"మాట్లాడుకుంటారు సార్ అక్కడ," అంది అత్తయ్య. "మా అమ్మాయికి మాట వచ్చింది అక్కడే. చెవులు వినపడనివాళ్లు నలభై మంది ఉన్నారు."

"మాట్లాడుకోవడానికి ఇప్పుడు అందరికీ ఫోన్లున్నాయి కదమ్మా."

చెవులు వినపడనివాళ్లకు ఫోన్లు. ఆ ప్లాస్టిక్ మొక్క ఎత్తి ఆయన నెత్తిన పెట్టాలనిపించింది. అత్తయ్య మాత్రం తొణకలేదు. "అసలు షీటు రికార్డు గదిలో ఉంది, తెప్పించండి. అందులో పచ్చగా ఉంటుంది," అంది. రికార్డు గుమాస్తా వచ్చి, పాత షీట్లన్నీ చెదలు తినేశాయని చెప్పాడు. అత్తయ్య లేచి కిందికి వెళ్లింది. మూడో బీరువా, కింది అర, గుడ్డలో చుట్టిన కట్ట. తను కట్టిన ముడి తనకు తెలియదా? పది నిమిషాల్లో పద్నాలుగో షీటు అధికారి బల్ల మీద పరిచింది. అరవై మూడు చెట్లు. చెద కాదు కదా, మరక కూడా లేదు.

అధికారి షీటు చూశాడు. బాగుందన్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక నలుపు తెలుపు జిరాక్సు తీసి దాని పక్కన పెట్టాడు. "కంప్యూటరు కంపెనీకి మనం పంపింది ఇది. దీన్ని చూసి వాళ్లు ఎక్కించారు. ఈ అక్షరాలు ఎవరి చేతిరాత అమ్మా?"

ఆ జిరాక్సు తీసింది నేను. అక్షరాలు అత్తయ్యవి.

ట్రేసర్లకు ఒక పాత పద్ధతి ఉంది. రంగు షీట్లు ఎదురుగా నా కొట్టు దాకా తప్ప ఇంకెక్కడికీ పోకూడదు, బయటివాళ్లకు జిరాక్సులే పోవాలి. జిరాక్సులో పసుపైనా పచ్చైనా తెల్లకాగితమే. అందుకని షీటు మెషీను ఎక్కే ముందు ప్రతి రంగు ముక్కలోనూ నల్ల ఇంకుతో ఒక అక్షరం రాయాలి. ఇళ్లకు 'ఇ', దుకాణాలకు 'దు', పార్కులకు 'పా'. అక్షరం లేని ముక్క అంటే ఖాళీ అని లెక్క. అత్తయ్య రిటైరవబోయే ముందు చేసిన చివరి పని అదే. నలభై ఆరు షీట్లలో వేలకొద్దీ అక్షరాలు రాసింది. అధికారి ముందున్న ఆ జిరాక్సులో ప్రతి ఇంటి ముక్కలోనూ, ప్రతి కొట్టు ముక్కలోనూ ఆవిడ గుండ్రటి అక్షరం ఉంది. మధ్యలో ఒక్క ముక్క తెల్లగా ఉంది.

"నాదే," అంది అత్తయ్య.

మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయింది. "పెన్ను పెట్టబోయానే. పెట్టలేకపోయాను. అంత ముద్దుగా వేసుకున్న చెట్ల మధ్య నల్ల మచ్చ పడుతుందనిపించింది. ఊరందరికీ తెలిసిన పార్కు కదా, అక్షరం లేకపోతే మాత్రం ఎవడు పొరబడతాడులే అనుకున్నాను," అంది. ఆ షీటు అందుకుని మెషీనులో పెట్టి, తెల్లగా వచ్చిన ముక్కను చూసి కూడా చూడనిదాన్ని నేను.

తప్పు అత్తయ్యదే, కాదనను. కానీ ఆ తప్పు దిద్దడానికి ఎవరైనా ఒక్కసారి ఆ వీధిలో నడిస్తే సరిపోయేది. మ్యాపు ఎక్కించినవాడు నడవలేదు. ఖాళీ స్థలాల జాబితా తీసినవాడు నడవలేదు. ఆరు అంతస్తుల బొమ్మ గీసినవాడు నడవలేదు. తప్పు తెలిసిపోయిన తర్వాత కూడా అధికారి అన్న మాట ఏమిటంటే, "కంప్యూటరు మ్యాపుకు ఆమోదం వచ్చేసిందమ్మా, ఇక విచారణలో చెప్పుకోండి." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు అక్కడ గడ్డి మీద గెంతుతూ కనపడుతున్నా సరే.

ఆ ఆదివారం అత్తయ్య గుండ్రం మధ్యలో నిలబడి చేతులతో అంతా చెప్పేసింది. దాచుకోలేదు. దర్జీ తాతకు అప్పటికి ఎనభై దాటాయి. ఆయన "పొరపాటు ఎవరు చెయ్యరు?" అన్నాడు. వదిన మాత్రం మొహం తిప్పుకుంది. చేతిమాటలో మొహం తిప్పుకోవడమంటే తలుపు మూసి గడియ పెట్టుకోవడమే, ఇక ఎంత మాట్లాడినా లోపలికి పోదు. మూడు వారాలు వదిన తల్లి వైపు చూడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, గిన్నె అందిస్తూ, బట్టలు మడతపెడుతూ చూడలేదు. అరవై మూడు చెట్లు వేసిన చేతులు ఒళ్లో పెట్టుకుని అత్తయ్య కూతురి వీపు చూస్తూ కూర్చునేది.

విచారణ రోజు హాలు నిండింది. వేదిక మీద అధికారి, పక్కన రాసుకునే గుమాస్తా, కింద ఒక మైకు. నలభై మందీ వచ్చారు. వాళ్ల మాట తను గొంతుతో చెబుతానని అత్తయ్య అడిగింది. కుదరదన్నారు. ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడకూడదని రూలట. ఎవరి అభ్యంతరం వాళ్లే మైకులో చెప్పాలట.

సరే, చెప్పారు. ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి చేతులతో చెప్పారు. దర్జీ తాత ఆ గడ్డి మీద తను పేరు పెట్టిన పిల్లలందరి పేర్లూ వరసగా చెప్పాడు. మైకులో మాత్రం ఆయన చొక్కా రాసుకున్న చప్పుడు వచ్చింది. అధికారి ఫోను చూసుకుంటున్నాడు. పదోమనిషి వచ్చేసరికి గుమాస్తా వైపు వంగి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందయ్యా మన పని" అన్నాడు. తన ముందు కూడా మైకు ఉందని మర్చిపోయాడు. హాలంతా వినపడింది. వినపడనిది ఆ నలభై మందికే. శంఖం ఎవరు ఊదుతున్నారో, చెవుడు ఎవరికో ఆయనకు తెలియకపోవడం నేను జన్మలో మర్చిపోను.

అందరికంటే చివర వదిన వంతు వచ్చింది. మైకు దగ్గరికి వెళ్లింది. అధికారి వైపు తిరిగి నిలబడింది. ఆయన తల ఎత్తలేదు. వదిన కాసేపు చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, మూడు వారాల తర్వాత మొదటిసారి తల్లి మొహంలోకి చూసింది. చూసి మాట్లాడటం మొదలుపెట్టింది. అత్తయ్య కూర్చున్నచోటు నుంచి లేచి, మైకు లేకుండానే, హాలు చివరిదాకా వినపడేటట్టు ఆ మాటలు పలికింది.

"తొమ్మిదేళ్ల దాకా నాకు పేరు లేదు. నాకు పేరు పెట్టింది ఆ గడ్డి మీద. అక్కడే నేను మొదటిసారి అబద్ధం చెప్పాను, మొదటిసారి జోకు చెప్పాను, మొదటిసారి ఒకడితో పోట్లాడాను, తర్వాత వాడినే చేసుకున్నాను. అది ఖాళీ అయితే నేనూ ఖాళీయే. మీ కాగితంలో నన్ను కూడా అలాగే రాసుకోండి."

"ఆవిడను కూర్చోమనండి," అన్నాడు అధికారి. ఆవిడ అంటే అత్తయ్య. కూర్చోలేదు. ఇద్దరు మనుషులు వచ్చి బయటికి నడిపించారు. వదిన తల్లి చేయి పట్టుకుని తనూ నడిచింది. మిగతా ముప్పై తొమ్మిది మందీ లేచి వాళ్ల వెనకే వచ్చారు.

వారం తర్వాత విచారణ నివేదిక ఇరవై కాపీలు తియ్యమని నా కొట్టుకే పంపారు. నేను ఈసారి చదవకుండా మీట నొక్కలేదు. మూడో పేజీలో ఉంది. "హాజరైనవారు: నలభై ఇద్దరు. మాట్లాడినవారు: లేరు. ఒక మాజీ ఉద్యోగిని సభకు అంతరాయం కలిగించారు."

మాట్లాడినవారు లేరట. రెండు గంటలసేపు నలభై మంది చేతులు నొప్పిపుట్టేలా మాట్లాడితే, లేరట. మెషీను ఆపేసి ఆ కాగితం పట్టుకుని అత్తయ్య ఇంటికి వెళ్లాను. ఆవిడ చదివి, మడిచి, "ఇరవైతో పాటు నాకూ ఒక కాపీ తియ్యి" అంది. మర్నాడు నలభై మందీ పై అధికారి గది ముందు నడవలో రెండు గోడల వెంట ఎదురెదురుగా నిలబడ్డారు. చప్పుడు లేదు, నినాదం లేదు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటూ నిలబడ్డారు, అంతే. దారిలో పోయేవాళ్లందరూ ఆగి చూశారు. మధ్యాహ్నానికి పై అధికారి లోపలికి పిలిచాడు. అత్తయ్య ఒక పక్క అరవై మూడు చెట్ల షీటు, ఒక పక్క తెల్లటి జిరాక్సు, మధ్యలో ఆ మూడో పేజీ పెట్టింది. ఆయనకు సిగ్గు కలిగిందో, పేపర్లవాళ్లు వస్తారని భయం కలిగిందో నాకు తెలియదు. పార్కింగు వేరే చోటికి మార్చారు. కంప్యూటరు మ్యాపులో ఆ ముక్క పచ్చబడింది.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇంత మండిపడే అవసరం లేదు.

పార్కని ఒప్పుకున్నాక, దాన్ని అభివృద్ధి చెయ్యాలి కదా. చేశారు. మా ప్లానింగ్ అధికారే దగ్గరుండి చేయించాడు. చెట్ల కింద బెంచీలు తీసి రంగు రాళ్లు పరిచారు. చదరంగం టీచర్లు ఇప్పుడు బస్‌స్టాపులో ఆడుకుంటున్నారు. సైకిళ్లు తేరాదు, నాటకాలు ఆడరాదు, గడ్డి మీద కూర్చోరాదు అని మూడు బోర్డులు. గుండ్రటి గడ్డి నడిబొడ్డున ఫౌంటెను కట్టారు. మోకాలెత్తు తొట్టి, అందులోంచి మనిషికి రెండింతలు ఎత్తున లేచే నీళ్లు. ప్రారంభం రోజున అధికారి అత్తయ్యకు మొదటి వరసలో కుర్చీ వేయించి, "ఆ శబ్దం వినండమ్మా, మనసుకు ఎంత హాయిగా ఉందో" అన్నాడు.

నలభై మంది ఆ ఆదివారం వచ్చి చుట్టూ నిలబడి చూశారు. ఇటువాళ్లకు అటువాళ్ల చేతులు కనపడలేదు. నీళ్లే కనపడ్డాయి. ఇద్దరిద్దరుగా, ముగ్గురుగా విడిపోయి కాసేపు మాట్లాడుకుని వెళ్లిపోయారు. మరుసటి ఆదివారం ఇరవై మంది వచ్చారు. రెండు నెలలకు పదకొండుమంది. దర్జీ తాత రావడం మానేశాడు. వదిన ఆదివారం సాయంత్రాలు ఇంట్లో టీవీ ముందు, చప్పుడు లేని బొమ్మలు చూస్తూ కూర్చునేది. మ్యాపులో తెల్లగా ఉన్నన్నాళ్లూ జనంతో కిటకిటలాడిన చోటు, పచ్చబడిన తర్వాత నిజంగానే ఖాళీ అయింది. దీనికి ఎవరి మీద కేసు పెట్టాలి?

ఒక ఆదివారం అత్తయ్య నా కొట్టుకు వచ్చి నీళ్ల పైపుల మ్యాపు అడిగింది. అది కూడా ఒకప్పుడు తను గీసిందే. పద్నాలుగో షీటు తీసి వేలితో ఒక గీత వెంట వెళ్లి, పార్కు గేటు పక్కన ఒక చుక్క దగ్గర ఆగింది. సాయంత్రం ఐదింటికి వెళ్లి, అక్కడి ఇనుప మూత ఎత్తి, లోపలి వాల్వు తిప్పింది. ఫౌంటెను నాలుగైదు సార్లు ఎగిరి, కుంగి, ఆగిపోయింది. అత్తయ్య ఆ మూత మీద స్టూలు వేసుకుని కూర్చుంది. కాపలావాడు ఈల వేశాడు. అరిచాడు. ఆవిడ తన చెవి చూపించి, చేయి అడ్డంగా ఊపింది. వినపడనిదాన్ని పాపం ఏమంటాంలే అనుకున్నాడు వాడు.

వదిన ఫోనులో అందరికీ రాసింది. మళ్లీ ఆదివారానికి పదిహేడుమంది వచ్చి తొట్టి అంచు మీద చుట్టూ కూర్చున్నారు. ఆ తర్వాత ఇరవై ఆరు. దర్జీ తాతను ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. కొత్తగా ఆరేళ్ల పిల్ల ఒకతె తండ్రితో వచ్చింది. పిల్ల ఏది చూసినా రెండు కళ్లూ చికిలించేది, పేరు అదే పెట్టారు. పేరు గుండ్రం తిరిగి పిల్ల దగ్గరికి వస్తున్నప్పుడు అత్తయ్య స్టూలు మీద లేచి నిలబడింది. వదిన తల్లి వైపు చూసి, అరచేతి మీద వేలితో ఒక గీత గీసింది.

మొన్న ప్లానింగ్ అధికారి నా కొట్టుకు వచ్చాడు. కొత్త మ్యాపు కాపీలు నేనే అమ్ముతాను, రంగువి ఖరీదని అందరూ నలుపు తెలుపువే కొంటారు. ఆయన చేతిలో ఒక కాపీ ఉంది. అత్తయ్య మూల కూర్చుని పెన్సిలు చెక్కుకుంటోంది.

"రెండు సంగతులు," అన్నాడు. "ఒకటి, ప్రతి ఆదివారం ఫౌంటెను పాడైపోతోంది, కారణం తేలడం లేదు. రెండోది ఇది. దీని మీద ఈ రాత ఎక్కడిది?"

పద్నాలుగో షీటులో పార్కు ఉండేచోట 'పా' అని రాసి, దాని కింద సన్నటి గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. "ఆదివారం సాయంత్రం ఇక్కడ మనుషులు మాట్లాడుకుంటారు."

"ఎవరు రాశారమ్మా ఇది?" అని అత్తయ్యను అడిగాడు. అత్తయ్య చెవి చూపించి, చేయి అడ్డంగా ఊపి, మళ్లీ పెన్సిలు చెక్కుకుంది.

ఆయన నా వైపు తిరిగాడు. "ఇది ఆఫీసు మ్యాపు. మీ దగ్గరున్న అసలు కాపీలో ఆ లైను తీసెయ్యండి."

"ఆ రాత నల్ల ఇంకుతో ఉంది సార్," అన్నాను. "జిరాక్సులో పోదు."